బెంగళూరు ఆసుపత్రిలో కాన్పు: అన్నిటికీ ‘హౌ’ అనేసి వస్తున్న అక్కకు ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ. అక్కది కదిరి దగ్గర పల్లె. దూదేకుల వాళ్ళు, ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట లేదు. బావ పని కోసం బెంగళూరు వచ్చారు. ఇప్పుడు 31 వారాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో బురఖా చూసి నర్సులు ఉర్దూలో మొదలుపెడతారు, డాక్టరమ్మ కన్నడంలో చెబుతుంది, అక్క అన్నిటికీ ‘హౌ’ (అవును) అని తలూపి వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక ఏం చెప్పారో తెలియదు. కార్డులో హెచ్‌బి (హిమోగ్లోబిన్) 8.4, బీపీ 130/84, పక్కన ఇంగ్లీషులో ఐరన్ ఐవీ అని రాసి ఉంది. దీనికి ఏం చేయాలని మీ ప్రశ్న.

భాష సంగతి తర్వాత. ముందు ఆ 8.4 చూడాలి, అది ఆగే విషయం కాదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 10 నుంచి 10.9 వరకు కొద్దిపాటి రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు మధ్యరకం, 7 కంటే తగ్గితే తీవ్రం. తీవ్రమైతే ఈ నెలల్లో ఆసుపత్రిలో చేరాల్సిందే. అక్కది మధ్యరకం. నెలలు దగ్గరపడ్డాయి, మాత్రలతో అంత తొందరగా ఎక్కదని డాక్టరు నరానికి ఐరన్ ఎక్కించమని రాసుంటుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కసారికి 200 మిల్లీగ్రాములకు మించి ఎక్కించరు, రోజు విడిచి రోజు చొప్పున చాలాసార్లు రావాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకేసారి 1000 వరకు ఎక్కిస్తారు. ఏ మందో, ఎన్నిసార్లో తెలియకపోతే ఒకసారి ఎక్కించుకుని ‘అయిపోయింది’ అనుకుని ఇంట్లో కూర్చుంటారు. కాబట్టి ఈ వారమే వెళ్ళి రెండే అడగండి: ‘ఏ మందు? మొత్తం ఎన్నిసార్లు, ఏయే తేదీల్లో?’ ఆ తేదీలు కార్డు మీదే రాయించుకోండి. ‘రక్తం తక్కువ’ అన్న మాట చెవిన పడి, రక్తం ఎక్కిస్తారేమోనని భయపడి వెళ్ళడం మానేసేవాళ్ళు చాలామంది. ఐరన్ వేరు, రక్తం వేరు. అక్కకు ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పినా సగం భయం పోతుంది.

ఇంట్లో మాత్రలు మింగుతుంటే ఐరనూ కాల్షియమూ కలిపి వేసుకోకూడదు, మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర మీద టీ తాగకూడదు, నిమ్మకాయ నీళ్ళు మంచివి. విరేచనం నల్లగా వస్తే అది మందు వల్లే, భయపడి ఆపేయొద్దు. బీపీ 130/84 గీత దాటలేదు, గీత 140/90. కానీ మొదటి నెలల్లో ఎంత ఉండేదో కార్డులో వెనక్కి తిప్పి చూడండి. 100/60 నుంచి ఇక్కడికి వచ్చి ఉంటే డాక్టరుకు చూపించి, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఎప్పుడు చేశారో అడగండి.

ఇక ‘హౌ’ సంగతి. మీరు అనుకుంటున్నట్టు ఇది ఉర్దూ, కన్నడం రాకపోవడం వల్ల వచ్చిన చిక్కు మాత్రమే కాదు. రాదని చెప్పడానికి సిగ్గు. సాయిబుల ఆడమనిషై ఉండి ఉర్దూ రాదా అని క్యూలో ఎవరో ఒకరు అననే అంటారు. అందుకని తెలుగు మాట్లాడే ముస్లిం ఆడవాళ్ళు ఈ నగరంలో రెండే మాటలు నేర్చుకుని నెట్టుకొస్తుంటారు, ‘హౌ’ (అవును), ‘నక్కో’ (వద్దు). నర్సు తప్పు కూడా పూర్తిగా కాదు. తనకు తోచిన భాషలో ఆదరంగానే మొదలుపెట్టింది, అవతల ‘హౌ’ వినబడింది, అర్థమైందనుకుని ముందుకు పోయింది. అక్క మొదటి మాట మారితే నర్సు భాష మారుతుంది. ఈ రెండు వాక్యాలు అక్కతో పదిసార్లు పలికించండి:

‘ఉర్దూ నై ఆతీ.’
‘ననగె తెలుగు మాత్ర బరుత్తె. అర్థ ఆగ్లిల్ల, నిధానవాగి హేళి.’

మొదటిది ఉర్దూ రాదని. రెండోది కన్నడం. నాకు తెలుగు ఒక్కటే వచ్చు, అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి అని. (కన్నడంలో ‘మాత్ర’ అంటే ‘మాత్రమే’. డాక్టరు ‘ఇదు రాత్రి మాత్ర’ అంటే రాత్రి పూట మాత్రమే అని. మనవాళ్ళు రాత్రి వేసుకునే మాత్ర అనుకుంటారు. అదృష్టం కొద్దీ ఇక్కడ ఎలా అర్థమైనా ఫలితం ఒకటే.) తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణికి ఇచ్చే ఆరోగ్య కార్డు) అట్ట మీద తెల్ల కాగితం అతికించి, కన్నడ లిపిలో ‘భాషె: తెలుగు. ఉర్దూ బరల్ల’ అని పెద్దగా రాయించండి. ఓపీలో నర్సు అక్క ముఖం కంటే ముందు చూసేది కార్డునే.

తర్వాత అక్క అడగాల్సింది ‘ఇల్లి యారిగాద్రూ తెలుగు బరుత్తా?’ అని, ఇక్కడ ఎవరికైనా తెలుగు వచ్చా అని. బెంగళూరు ఆసుపత్రుల్లో ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు దొరుకుతుంది. కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు వాళ్ళు ఎందరో ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. నర్సుల్లో, ఆయమ్మల్లో, సెక్యూరిటీలో ఒకరైనా ఉంటారు. ఎవరూ అడగరు కాబట్టి వాళ్ళూ కన్నడంలోనే పోనిస్తుంటారు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. బొత్తిగా రాని భాష కంటే సగం అర్థమయ్యే భాష ఎక్కువ ముంచుతుంది. ఉర్దూ వింటే అక్కకు అర్థం కాలేదని కనీసం తనకైనా తెలుస్తుంది. కన్నడం తెలుగుకు దగ్గర, అందువల్ల అర్థమైనట్టే ఉంటుంది. ఈ మాటలు చూడండి.

నర్సు అడుగుతుంది: ‘మగు అల్లాడ్తా ఇదెయా?’ బిడ్డ కదులుతోందా అని అర్థం. మన చెవికి అది ‘అల్లాడుతోందా’. ఆకలికి అల్లాడటం, జ్వరానికి అల్లాడటం మనకు తెలిసిన అల్లాడటం. కడుపులో బిడ్డ బాధపడుతోందా అని అడిగారనుకుని ఏ తల్లయినా ‘అయ్యో, లేదు లేదు’ అంటుంది. అక్కడ కార్డులో ఏం రాయాలి? బిడ్డ కదలికలు లేవని. మంచి నర్సయితే వెంటనే గుండె చప్పుడు చూస్తుంది, రద్దీలో ఉన్న నర్సయితే ఈవిడ అన్నిటికీ ఇంతే అనుకుని వదిలేస్తుంది. రెండోది జరిగితే, నిజంగా కదలికలు తగ్గిన రోజున కూడా అక్క మాటను ఎవరూ పట్టించుకోరు.

‘కాలు ఊత ఇదెయా?’ అంటే కాళ్ళు వాచాయా అని. తెలుగులో ఊత అంటే ఆసరా. కాలికి ఊత కావాలా అని అడిగారనుకుని ‘వద్దు’ అంటే బీపీ ఎక్కుతున్న మనిషి వాపు లెక్కలోకి రాదు.

‘సుస్తు ఆగుత్తా?’ అంటే నీరసంగా ఉంటోందా అని. మనకు సుస్తీ అంటే జబ్బు. 8.4 ఉన్న మనిషి ‘నాకేం సుస్తీ లేదు’ అంటుంది.

‘నీరు కడిమె ఇదె’ అని స్కానింగ్ చూసి అంటే ఉమ్మనీరు తగ్గిందని. మన వాళ్ళు నీళ్ళు తక్కువ తాగుతున్నావని తిట్టారనుకుని బిందెలకు బిందెలు తాగుతారు, మళ్ళీ స్కాన్‌కు రమ్మన్న రోజు మరిచిపోతారు. ఉమ్మనీటి కొలత 5 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే ఇంట్లో కూర్చునే పని కాదు.

కాన్పు గదిలో ఇంకో రెండు. ‘ఉసిరు బిడి’ అంటారు. ఉసిరు అంటే ఊపిరి, ఊపిరి వదలమని. నొప్పుల్లో ఉన్న తెలుగు మనిషికి అది ‘ఉసురు విడువు’ అని వినబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ‘తళ్ళి, తళ్ళి’ అంటే ‘నెట్టు, నెట్టు’. ‘తల్లీ, తల్లీ’ అని బుజ్జగిస్తున్నారనుకుంటే ముక్కాల్సిన చోట ముక్కదు. ‘తళ్ళబేడి’ అంటే ఇప్పుడు నెట్టొద్దు. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకోకముందే ముక్కితే అలసట తప్ప లాభం లేదు, వాపూ వస్తుంది. ‘బేడి’ అని చివర వినబడితే ఆ పని చేయొద్దని గుర్తు. ఈ ఒక్క తోక నేర్పితే చాలా కలిసొస్తుంది. పుట్టాక ‘హాలు కుడుసి’ అంటే పాలు పట్టమని, హాల్లోకి పొమ్మని కాదు.

అక్క తనంతట తాను చెప్పాల్సినవి నాలుగే, వీటిని మాత్రం కన్నడంలో కంఠతా పట్టించండి. ‘రక్త హోగ్తిదె’, రక్తం పోతోంది. ‘నీరు హోగ్తిదె’, నీళ్ళు పోతున్నాయి. ‘మగు అల్లాడ్తా ఇల్ల’, బిడ్డ కదలడం లేదు. ‘తలె తుంబా నోయ్తిదె, కణ్ణు మంజాగిదె’, తల విపరీతంగా నొస్తోంది, కళ్ళు మసకబారుతున్నాయి. ఈ నాలుగింటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. కదలికల మీద అనుమానం వస్తే బోంచేసి ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టమనండి. రెండు గంటల్లో 10 రాకపోతే బయల్దేరడమే.

డాక్టరు ముందు అక్కకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అంత తక్కువలో ‘అంతా బాగుందా?’ అని అడగకూడదు, జవాబు ఎప్పుడూ బాగుందనే వస్తుంది. అంకె వచ్చే ప్రశ్నలు అడగాలి. హెచ్‌బి ఎంత? బీపీ ఎంత? మళ్ళీ ఏ తేదీన రావాలి? ఆ తర్వాత ‘బరెదు కొడి’, రాసివ్వండి. చివరగా, విన్నది అక్క తన మాటల్లో తిరిగి చెప్పాలి. ‘గురువారం పరగడుపున రావాలి, రక్తం తీస్తారు, అంతేనా?’ అని. తప్పుంటే అక్కడే దిద్దుతారు. ఇది చదివే నర్సమ్మలు ఎవరైనా ఉంటే వాళ్ళకూ ఇదే మాట: ‘అర్థమైందా?’ అని అడగడం మానేసి ‘ఇంటికెళ్ళి ఏం చేస్తావో చెప్పు’ అనండి. అదనంగా పట్టేది అర నిమిషం.

ఫోన్లో మీరు తర్జుమా చేస్తానన్నారు, మంచిదే. ఓపీ రోజున స్పీకర్ పెట్టించి, డాక్టరు చెప్పింది చెప్పినట్టు, ఒక్కో వాక్యం చొప్పున చెప్పండి. తమ్ముళ్ళతో వచ్చే చిక్కు ఏంటంటే, డాక్టరు రెండు నిమిషాలు చెప్పింది ‘ఏం లేదులేక్కా, రక్తం తక్కువంట’ అని తేల్చేస్తారు. ఇంకోటి, మీ ముందు అక్క కొన్ని చెప్పదు. ఇంతకు ముందు కడుపు పోయిందా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా, తర్వాత పిల్లలు వద్దనుకుంటోందా అన్నవి. బావ ముందూ చెప్పదు, అత్త ముందూ చెప్పదు. ఆ ప్రశ్నలు వచ్చినప్పుడు మీరే ఫోన్ పెట్టేసి, తెలుగు వచ్చిన నర్సునో ఆశా కార్యకర్తనో పిలవమనండి. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాన్ని బంధువుల నోటి గుండా చెప్పించడం అసలే కూడదు. పిల్లల చేత తర్జుమా చేయించడమూ వద్దు. గూగుల్ ట్రాన్స్‌లేట్ చిన్న చిన్న వాక్యాలకు పనికొస్తుంది, ‘ఎన్ని మాత్రలు, ఎప్పుడు’ లాంటి వాటికి. సంతకం పెట్టే కాగితాలకు దాన్ని నమ్ముకోవద్దు.

పరీక్ష చేసేటప్పుడు తెర కావాలని, మగ డాక్టరైతే పక్కన ఆడమనిషి ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది. రోగికి తెలిసిన భాషలో విషయం చెప్పాలనీ, మతం, కులం, భాష, ప్రాంతం చూసి తేడా చూపకూడదనీ కూడా అందులోనే ఉంది. అయితే కౌంటర్ దగ్గర హక్కుల పత్రం పేరెత్తి గొడవ పడితే పని జరగదు. ‘మేడం, స్వల్ప తెరె హాకి’, మేడం, కాస్త తెర వేయండి అంటే చాలాచోట్ల జరుగుతుంది. వినకపోతే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఫిర్యాదుకు 104 కూడా ఉంది.

కాన్పు గదిలోకి తోడు ఎవరు వెళ్ళాలో ఇప్పుడే తేల్చుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకు తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తోడు సాధారణంగా ఆడమనిషై ఉండాలి, తనకు కాన్పు అనుభవం ఉండాలి, అంటురోగాలు ఉండకూడదు, కాన్పు అయ్యేదాకా అక్కడే ఉండాలి. ఇళ్ళల్లో సాధారణంగా అమ్మనో అత్తనో పంపుతారు, ప్రేమ కొద్దీ. వాళ్ళకూ కన్నడం రాకపోతే లోపల ఇద్దరూ బిక్కచచ్చి కూర్చుంటారు. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన పక్కింటావిడ దొరికితే ఆవిడే మేలు. 36వ వారంలో ఓపీకి వెళ్ళినప్పుడే అడిగి పేరు కార్డులో రాయించండి. నొప్పులొచ్చిన రాత్రి వాచ్‌మన్‌తో వాదిస్తే లోపలికి పోనివ్వడు.

సంతకాల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. సిజేరియన్‌కైనా, ఇంకే ఆపరేషన్‌కైనా మెలకువలో ఉన్న పెద్ద మనిషి సమ్మతి ఆమెదే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి, తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి రాని పనికి తల్లి సమ్మతి చెల్లదని తీర్పు. కాబట్టి బావ సంతకం పెట్టినా అక్కకు తెలుగులో చెప్పించండి: ఏం చేస్తారు, ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది. కాపర్-టి విషయంలో మరీ జాగ్రత్త. మాయ పడ్డాక 10 నిమిషాల లోపే పెట్టే పద్ధతి ఉంది, 48 గంటల లోపు కూడా పెడతారు. మంచి సాధనమే, కానీ నొప్పుల మధ్య అడిగితే అక్క దానికీ ‘హౌ’ అంటుంది. కావాలో వద్దో ఎనిమిదో నెలలోనే తేల్చుకుని కార్డులో రాయించండి. పెట్టించుకుంటే ఏ రకమో కూడా రాయించండి, 380-ఎ అయితే 10 ఏళ్ళు, 375 అయితే 5 ఏళ్ళు పనిచేస్తుంది.

కాగితాల భయం గురించి. 2022 నవంబరులో తుమకూరులో తమిళ మూలాలున్న ఒక గర్భిణిని తాయి కార్డు, ఆధార్ లేవని ఆసుపత్రి నుంచి తిప్పి పంపారు. ఇంట్లో కాన్పై ఆమె, కవల బిడ్డలు చనిపోయారు. అత్యవసరంలో కాగితాల కోసం ఎవరినీ తిప్పి పంపకూడదని ఆ తర్వాత ప్రభుత్వం గట్టిగా చెప్పింది. అయినా కాగితాలు దగ్గరుంటే మాట తగ్గుతుంది. తాయి కార్డు, ఆధార్, స్కానింగ్ రిపోర్టులు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించండి. మీరు చూపించుకునే ఆసుపత్రి నుంచి వాణీ విలాస్‌కో మరో పెద్దాసుపత్రికో పంపిస్తే ఎందుకు పంపుతున్నారో రాసిన చీటీ లేకుండా కదలొద్దు. డబ్బు అడిగితే, 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితమే.

రక్తం గ్రూపు చూడండి. పక్కన నెగటివ్ అని ఉంటే, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయిన 72 గంటల లోపు అక్కకు యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. ఇంటికి పంపే రోజు హడావిడిలో, భాష తెలియని మనిషికి ఎక్కువగా జారిపోయేది ఇదే. వచ్చే కాన్పులో బిడ్డ మీద పడుతుంది.

ఎనిమిదో నెలలో పుట్టింటికి తీసుకుపోయే ఆలోచన ఉంటే, ఆ మాట ఇక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఐరన్ ఎన్నిసార్లు ఎక్కింది, ఇంకా ఎన్ని మిగిలాయి, ఆఖరి హెచ్‌బి ఎంత అన్నవి ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించుకోండి. కదిరిలో భాష చిక్కుండదు, కానీ తాయి కార్డులోని కన్నడ రాతను అక్కడ ఎవరూ చదివి పెట్టరు. ఆ కాగితం చేతికి వచ్చాకే బస్సు ఎక్కించండి.